నీలం అంచు గ్లాసులో మాచిపత్రి

గానెమ్ తుపాకి గొట్టాల్ని నాకి చూస్తాడని దుక్కాలా సీమంతా చెప్పుకుంటారు. నిజమే, నాకుతాడు. కానీ అదేదో ఆయన చేసే మొదటి పని అన్నట్టు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకడం నాలుగో పని. ముందు గొట్టాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని బరువు చూస్తాడు. తరవాత కళ్ళు మూసుకుని బొటనవేలితో ఈ కొస నుంచి ఆ కొస దాకా తడుముతాడు. ఆ పైన ఒక కన్ను మూసి, రెండో కన్ను గొట్టానికి ఆనించి, గుమ్మంలోంచి వచ్చే వెలుతురు వైపు తిప్పి చూస్తాడు. అప్పుడు గానీ నాలుక చాపడు.

శనివారం సంతలో పాత ఇనుము వాళ్ళు గొట్టాల్ని గోనెసంచుల్లో కట్టలు కట్టి తెస్తారు. వాటికి పేరుండదు, ఊరుండదు, ముద్ర ఉండదు. ఉన్న ముద్రని ఎప్పుడో ఎవడో ఆకురాయితో అరగదీసి ఉంటాడు. పరాయి సైన్యం తుపాకి ఇంట్లో దొరికితే జైలుకి పోయే రోజులవి మరి. ఉరుసులో గుర్రాల మీద దౌడు తీసే జట్లవాళ్ళు అలాంటి గొట్టమే ఏరుకుని, దానికి కొత్త కర్ర బిగించి, వెండి కట్లు వేయించి, మందు కూరి పేలుస్తారు. గుండు పెట్టరు, మందే. అయితేనేం, గొట్టం పగిలిందంటే వేళ్ళు ఎగిరిపోవడానికి గుండు అక్కర్లేదు. అందుకని సంతలో గొట్టం కొన్న ప్రతివాడూ పేల్చే ముందు గానెమ్ కొట్టుకే వస్తాడు.

గానెమ్ ఆ వెలుతురులో లోపలి చాళ్ళు చూస్తాడు. మెలి ఎడమకి తిరిగితే ఫ్రెంచివాడిది, కుడికి తిరిగితే స్పెయిన్ వాడిది, చాళ్ళే లేకుండా నున్నగా ఉంటే మనవాడెవడో కొలిమిలో సాగగొట్టింది. ఇక నాలుక సంగతి. తుప్పు ఉప్పగా తగిలితే అది సముద్రం ఒడ్డు ఇంట్లో పడి ఉన్నది, లోపల తినేసి ఉంటుంది. మట్టి వాసన కొడితే ధాన్యం పాతరలో దాచింది, దానికి భయం లేదు. ఒకసారి ఒక గొట్టాన్ని నాకి, మొహం చిట్లించి, "దీన్ని ఎవరో కోళ్ళగూటికి గడియగా పెట్టార్రా" అన్నాడు. అమ్మినవాణ్ణి నిలదీస్తే నిజమేనన్నాడు. కోళ్ళగూటి రుచి ఈయనకి ముందే ఎలా తెలుసని మాత్రం ఎవరూ అడగలేదు.

ఐదోది, అసలుది, మోత. గొట్టాన్ని గుర్రపువెంట్రుకల తాడుతో దూలానికి వేలాడదీసి, వాళ్ళ నాన్ననాటి ఇనప తాళంచెవితో ఒక్కటి కొడతాడు. మంచి గొట్టమైతే ఖంగుమని మోగి చాలాసేపు పాడుతుంది. పగులున్నది బొంగురుగా ఒక్క మాట అని నోరు మూసుకుంటుంది. పగులు వెంట్రుక మందాన ఉన్నా సరే, కంటికి దొరక్కపోయినా సరే, మోతకి దొరికిపోతుంది. అప్పుడు గానెమ్ గొట్టాన్ని ముద్దు పెట్టుకుని "బిస్మిల్లా, పేల్చుకో" అంటాడు, లేదా "దీంతో పందిరి వేసుకో" అంటాడు. ఆయన "పేల్చుకో" అన్న గొట్టం నలభై ఏళ్ళలో ఒక్కటి పగల్లేదు.

మూడేళ్ళ కిందట ఆయన చెవులు పోయాయి. పోవూ మరి! ప్రతి ఉరుసులోనూ జట్లకి పదడుగుల దూరంలో నిలబడి ఒక్క మోతా, రెండు మోతలా అని తీర్పు చెప్పేది ఆయనే. పదిహేను గుర్రాలు ఒక్క వరసలో దౌడు తీస్తూ రావాలి, జట్టు నాయకుడు ముకద్దం ఒక్క కేక పెట్టాలి, పదిహేను తుపాకులూ ఒక్క తుపాకిలా పేలాలి. రెండుగా పేలితే ఏడాదంతా ఆ జట్టువాళ్ళకి సొంత పెళ్ళాల దగ్గర కూడా మర్యాద ఉండదు. అంత పని చేసిన చెవులు ముందు కుడిది, మరుసటి ఏడు ఎడమది సెలవు తీసుకున్నాయి. దగ్గరగా గట్టిగా మాట్లాడితే మాటలు అందుతాయి, ఇనుము, ఇత్తడి మోతలే అందవు.

పోయినవి చెవులని ఆయన ఒప్పుకోలేదు. గొట్టాలే పాడయ్యాయనుకున్నాడు. ఒక శనివారం పది గొట్టాలు వేలాడదీశాడు, ఒక్కటీ పాడలేదు. పదింటినీ పందిళ్ళకి పంపేశాడు. అనుమానం వచ్చి పదకొండోసారి గోడకున్న తన సొంత తుపాకి ఊడదీసి, గొట్టం వేలాడదీసి కొట్టాడు. అదీ పలకలేదు. "ఓరి దొంగవెధవా! నా గొట్టాన్ని ఎవడో మార్చేశాడే!" అని గోల పెట్టాడు.

ఆయన భార్య యామ్నా తెర అవతల టీ కోసం చక్కెర దిమ్మ పగలగొడుతోంది. ఈ గోల విని సుత్తి పట్టుకుని ఆయన వెనకాలకి వచ్చింది. ఇత్తడి పళ్ళెం మీద సుత్తితో ధనామని ఒక్కటి వేసింది. పిల్లి పారిపోయింది. గానెమ్ కదల్లేదు. యామ్నా చుట్టూ తిరిగి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఎన్నాళ్ళైంది ముసలాయనా?"

"ఏది?"

"వినపడక."

"నాకు వినపడకపోవడమేంటే! గొట్టాలే మూగవి."

"పదకొండూనా?"

గానెమ్ తాళంచెవి కింద పెట్టాడు. "ఎవరికైనా చెప్పావంటే నా శవాన్ని చూసినట్టే" అన్నాడు. యామ్నా కళ్ళు తుడుచుకుని, "చెప్పన్లే. గొట్టం నువ్వు కొట్టు, నేను వింటాను" అంది.

అలా పుట్టింది ఆ టీ. యామ్నా తెర అవతల కూచుని మోత వింటుంది. వెంటనే టీ పళ్ళెం తెర కిందనుంచి జరుపుతుంది. వచ్చినవాళ్ళందరికీ మామూలు పుదీనా టీ. గానెమ్‌ది నీలం అంచు గ్లాసు. గొట్టం మంచిదైతే అందులోనూ పుదీనా రెమ్మ, చెడ్డదైతే బూడిదరంగు చేదు మాచిపత్రి రెమ్మ. ఆయన రెమ్మని చూసి, గడ్డం నిమురుకుని, ఏదో చాలాసేపు విన్నవాడిలా తల ఊపి తీర్పు చెబుతాడు. మూడేళ్ళు ఒక్క పొరపాటు జరగలేదు. అసలు చెవులున్నప్పటికంటే ఇప్పుడే ఆయన పేరు ఇంకా మోగిపోతోంది.

ఉరుసు ఇంక మూడు రోజులుందనగా మధ్యాహ్నం జిలాలీ వచ్చాడు. జిలాలీ ఆ ఊరి జట్టుకి ముకద్దం. గోధుమలు పండిస్తాడు, గట్టిగా నవ్వుతాడు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒక గొట్టాన్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. వెంట వాళ్ళ జట్టులో ఎడమ కొసన స్వారీ చేసే తాహర్ ఉన్నాడు. తాహర్‌ది పిండిమర. ఆ మర హోరుకి అలవాటుపడి గుసగుసలు కూడా అరిచే చెబుతాడు.

"బాబాయ్! మా తాత దొరికాడు!" అన్నాడు జిలాలీ.

"మీ తాత పోయి ముప్ఫై ఏళ్ళైంది కదరా?"

"తాత కాదు బాబాయ్, తాత గొట్టం. కరువొచ్చినప్పుడు రెండు బస్తాల బార్లీకి ఇచ్చేశాడే, అది. చచ్చిపోయేదాకా దాని కోసమే ఏడ్చాడు. మొన్న సంతలో గోనెసంచి విప్పితే నన్ను చూసి నవ్వింది."

"గొట్టం నవ్విందా?"

"నొక్కు చూడండి! మూతికి జానెడు కింద నొక్కుంటుందని, మా గుర్రం తొక్కిందని తాత రోజూ చెప్పేవాడు. ఇదిగో నొక్కు! శుక్రవారం ఉరుసులో దీన్నే పేలుస్తానని ఊరంతా చెప్పేశాను. వెండి కట్లు చేయిస్తున్నాను. మా ఆవిడ అప్పుడే ఏడవడం కూడా మొదలుపెట్టింది."

గానెమ్ దుప్పటి విప్పాడు. తూచాడు. తడిమాడు. నొక్కు దగ్గర బొటనవేలు కాసేపు ఆగింది. అరగదీసిన ముద్ర చోట ఆకురాయి గీతలు వేలికి తగిలాయి. నాలుకతో చూస్తే మట్టి రుచి, పాతరది. దూలానికి వేలాడదీసి తాళంచెవితో కొట్టాడు. తాహర్ తల వంచుకున్నాడు. జిలాలీ గుమ్మం వైపు చూస్తూ ఈలవేశాడు. గానెమ్ మాత్రం ఎప్పటిలాగే కళ్ళు అరమోడ్చి, వేలు గాల్లో ఆడిస్తూ వింటున్నట్టు నిలబడ్డాడు. తరవాత గొట్టాన్ని దింపి, ముందు చూడ్డం మరిచిన చాళ్ళు చూద్దామని కన్ను ఆనించి గుమ్మం వైపు తిరిగాడు. ఎడమ మెలి, నాలుగు చాళ్ళు. ఫ్రెంచివాడిదే. ఈలోపు టీ పళ్ళెం వచ్చింది.

ఆయన గొట్టం దింపి చూసేసరికి నీలం అంచు గ్లాసులో పుదీనా రెమ్మ తేలుతోంది. హమ్మయ్య అనుకున్నాడు. ఆయనకీ ఆ గొట్టం మీద మనసు పడింది మరి. ముద్దు పెట్టుకుని, "బిస్మిల్లా, పేల్చుకో" అన్నాడు.

తెర అవతల ఏదో కింద పడింది. అది ఆయనకి వినపడలేదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. ఒళ్ళంతా జలదరించింది.

కంటికి పుదీనా, నాలుకకి మాచిపత్రి! కోళ్ళగూటినే కనిపెట్టిన నాలుక అది, పొరబడే రకం కాదు. రెమ్మని నమ్మాలా, రుచిని నమ్మాలా? గొట్టం పగిలిందా, యామ్నాకి మతి పోయిందా? అడుగుదామంటే ఎదురుగా ఇద్దరు. అడిగితే మూడేళ్ళ గుట్టు రట్టవుతుంది. అడక్కపోతే, ఖర్మకాలి ఆ గొట్టం నిజంగా పగిలిందైతే, శుక్రవారం జిలాలీ చెయ్యి పోతుంది. జిలాలీ ఏదో నములుతున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పాపం, తాతని తలుచుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు గానెమ్.

"వస్తాం బాబాయ్," అని జిలాలీ గొట్టం అందుకుని లేచాడు.

"కూచో! మూడు గ్లాసులు తాగకుండా నా ఇంట్లోంచి మీ నాన్న కూడా లేవలేదు."

ఆ మాటకి ఎదురు లేదు. జిలాలీ కూచున్నాడు. రెండో పళ్ళెం వచ్చింది. ఈసారి గానెమ్ కళ్ళు గ్లాసు మీదే పెట్టాడు. అయితే పళ్ళెం తెర దాటీ దాటకముందే జిలాలీ ఒక్క దూకు దూకి నీలం అంచు గ్లాసు లాక్కున్నాడు.

"పొగలు కక్కుతోంది బాబాయ్, మీ నోరు కాలుతుంది. నేను చల్లారుస్తాను," అని గటగటా తాగేశాడు. పొగలు జిలాలీ చెవుల్లోంచి రావడం ఒక్కటే తక్కువ.

"నా గ్లాసురా అది!"

"మీ గ్లాసులో దేవుడి బరకత్ ఉందంటారు. ఉరుసు ముందు నాక్కొంచెం కావాలి," అన్నాడు జిలాలీ, నాలుక బయటపెట్టి విసురుకుంటూ.

గానెమ్ తాహర్ వంక చూశాడు. తాహర్ పైకప్పు వంక చూశాడు. జిలాలీ మొహం పచ్చబడింది, తరవాత తెల్లబడింది, అయినా ఆ నవ్వు మాత్రం వదల్లేదు.

"ఇంకోసారి కొట్టి చూస్తాను, ఇలా ఇవ్వు గొట్టం," అన్నాడు గానెమ్.

జిలాలీ గొట్టాన్ని గుండెలకి హత్తుకున్నాడు. "అదేంటి బాబాయ్! మీ మాటకి తిరుగుందా? పేల్చుకో అన్నారు, అయిపోయింది. గానెమ్ రెండుసార్లు కొట్టి చూశాడంటే లోకం ఏమనుకుంటుంది?"

నిజమే. నలభై ఏళ్ళుగా తనే అలా చెప్పుకుంటూ వచ్చాడు. తన గొప్ప తన మెడకే చుట్టుకుంది. మూడో పళ్ళెం వచ్చింది. దాన్ని యామ్నా జరపలేదు, తోసింది. మూడు గ్లాసుల్లోనూ మూరెడేసి మాచిపత్రి! చక్కెర వాసనన్నా లేదు. జిలాలీ తన గ్లాసు ఎత్తి పోసుకున్నాడు. నీలం గ్లాసు ఎత్తి పోసుకున్నాడు. మూడోది తాహర్ చేతిలో ఉంది, వాడి వంక ఉరిమి చూశాడు.

"నేనేం చేశాన్రా!" అన్నాడు తాహర్ గుసగుసగా, అంటే వీధి దాకా వినపడేలా. అని, ముక్కు మూసుకుని తాగేశాడు.

పళ్ళెంలో ఖాళీ గ్లాసులు మూడూ దొర్లుతున్నాయి. జిలాలీ మీసానికి మాత్రం ఒక బూడిదరంగు ఆకు అంటుకుని ఉంది.

గానెమ్ ఆ ఆకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత ఆ మీసం కింద గొట్టాన్ని హత్తుకున్న చేతిని చూశాడు. మంచి చెయ్యి, నాగలి పట్టిన చెయ్యి, ఐదు వేళ్ళూ ఉన్నాయి.

"జిలాలీ," అన్నాడు. "నేను చెప్పింది తప్పు. ఆ గొట్టం నేను వినలేదు. ఏ గొట్టమూ వినలేదు. నాకు చెవులు లేవురా. మూడేళ్ళైంది."

కొట్టు నిశ్శబ్దమైపోయింది. మనకి నిశ్శబ్దం, గానెమ్‌కి మామూలే.

"ఆ సంగతి మాకు తెలుసు బాబాయ్," అన్నాడు తాహర్.

"ఏమిటీ?"

"దుక్కాలా అంతా తెలుసు! చలికాలంలో తాగే మాచిపత్రిని మండుటెండల్లో ఎవడు తాగుతాడు బాబాయ్? మీరు నోరు విప్పకముందే మేం గ్లాసు చూసుకుంటాం. శనివారం సంతలో, 'నీ గొట్టానికి ఏ ఆకు పడింది' అనే అడుగుతారు ఒకళ్ళనొకళ్ళు!"

గానెమ్ అక్కడున్న పీట మీద కూలబడ్డాడు. తను అన్నన్ని రోజులు గడ్డం నిమురుకున్నదీ, గాల్లో వేలు ఆడించినదీ గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. వినపడకపోయినా ఎర్రబడటానికి అవి బాగానే పనికొస్తాయి.

తెర సర్రున తొలిగింది. యామ్నా చక్కెర సుత్తితో బయటికొచ్చింది, నేరుగా జిలాలీ మీదికి.

"ఏరా, నా మాచిపత్రి తినడానికి నువ్వు మేకవా? మొదటి గ్లాసులో రెమ్మ నువ్వే మింగి పుదీనా వేశావు కదూ?"

"పిన్నీ..."

"పిన్ని లేదు, గాడిదగుడ్డు లేదు! చెప్తే ఈయన పరువు పోతుంది, చెప్పకపోతే నీ చెయ్యి పోతుంది. తెర వెనక నా ప్రాణం ఎంత కొట్టుకుందో తెలుసా? చేతులు లేనోడివై రేపు నీ పెళ్ళానికి ఏ మొహం చూపిస్తావురా?"

జిలాలీ నవ్వు అప్పటికి పోయింది. "తాత తుపాకి పిన్నీ. మీ దగ్గర మంచిదనిపించుకోవాలనే... చేదుగా ఉంది గానీ, తాగేస్తే పోతుంది కదా అనుకున్నాను," అని వలవలా ఏడ్చేశాడు. ఏడుపు సగం తాత కోసం, సగం కడుపులో మాచిపత్రి వల్ల.

యామ్నా గోడమీద ఉన్న గానెమ్ సొంత తుపాకి దింపి, గొట్టం ఊడదీసి, దాని కొసని ఆయన నోటి దగ్గర పెట్టింది. "కరుచుకో," అంది.

"ఏంటీ?"

"పళ్ళతో కరిచి పట్టుకో. ఉన్న ఆరూ చాలు."

గానెమ్ కరిచాడు. ఆమె సుత్తితో కొట్టింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. పళ్ళలోంచి దవడలోకి, దవడలోంచి నడినెత్తికి సన్నగా ఏదో పాకి, ఆగకుండా పాడుతూనే ఉంది. మూడేళ్ళైంది ఆ పాట విని. గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతున్నా గొట్టం మాత్రం వదల్లేదు. యామ్నా దాన్ని లాక్కుని జిలాలీ గొట్టం పెట్టి కొట్టింది. పళ్ళకి చిన్న జుమ్ము తగిలి అక్కడే చచ్చిపోయింది.

గానెమ్ గొట్టాన్ని నోట్లోంచి తీసి, చొక్కాతో తుడిచి, నొక్కు దగ్గర చేత్తో నిమిరాడు.

"పగులు ఇక్కడే ఉంది, గుర్రం తొక్కిన చోటే," అన్నాడు. "ఏడవకురా. ఎడమ మెలి, పాతర మట్టి, జానెడు కింద నొక్కు. ఇది మీ తాతదే, ఒట్టేసి చెబుతున్నాను. కరువులో అమ్మేసినా మీ తాత ఏడ్చింది దీని కోసమే. దీన్ని గోడకి పెట్టుకుని ముద్దులు పెట్టుకో. పేల్చావంటే మీ తాతే వచ్చి నీ చెవి మెలిపెడతాడు."

జిలాలీ మీసం తుడుచుకుని, "ఈ ఇంట్లో చక్కెర ఉందా పిన్నీ?" అన్నాడు. యామ్నా దిమ్మలోంచి పిడికెడు ముక్క కొట్టి నోట్లో పెట్టింది.

శుక్రవారం ఉరుసులో గానెమ్ ఎప్పటి చోటనే, పదడుగుల దూరంలో నిలబడ్డాడు. జిలాలీ గానెమ్ సొంత తుపాకి పట్టుకుని దౌడు తీశాడు. తాత గొట్టం వెండి కట్లతో సహా డేరాలో వేలాడుతోంది, జిలాలీ భార్య దాని ముందు కూచుని ఏడుస్తోంది. పదిహేను గుర్రాలు ఒక్క వరసలో వచ్చాయి, కేక లేచింది, తుపాకులు పేలాయి, పొగ కమ్మింది. జనమంతా నోళ్ళు మూసుకుని తీర్పు కోసం గానెమ్ మొహంలోకి చూశారు.

గానెమ్ గడ్డం నిమురుకోలేదు. అందరి ముందూ పక్కనే ఉన్న భార్య వైపు తిరిగి, గట్టిగా, "యామ్నా! నాకు వినపడలేదు. ఒకటా, రెండా?" అని అడిగాడు.

యామ్నా ముసుగు సర్దుకుంది. పొగలోంచి జిలాలీ గుర్రం మీద బతిమాలుతున్నట్టు ఆమె వైపే చూస్తున్నాడు.

"ఒకటిన్నర," అంది యామ్నా. "ఆ సగం ముకద్దంగారిదే."